ఎక్సెల్ మాక్రోలు క్యాల్క్‌లో నడవాలంటే

మాక్రోలున్న (పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఎక్సెల్ షీటును ఉచిత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామైన లిబ్రెఆఫీస్ క్యాల్క్‌కు మార్చే ముందు ఫైలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం రకమేనా చూసుకోండి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే మాక్రోలు పోయినట్టే, ఆ రకం ఫైలులో వాటికి చోటే లేదు.

ఫైలు తెరవకముందే క్యాల్క్‌లో టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, వీబీఏ ప్రాపర్టీస్‌కు వెళ్లండి (వీబీఏ అంటే ఎక్సెల్ మాక్రోలు రాసే భాష). ఎక్సెల్ కింద ‘లోడ్ బేసిక్ కోడ్’, ‘ఎగ్జిక్యూటబుల్ కోడ్’ రెండూ టిక్ చేయండి. రెండోది మరిచిపోతే కోడ్ వస్తుంది గానీ, లైన్ల ముందు ‘రెమ్’ చేరి నడవని ఉత్త కామెంటుగా మిగులుతుంది. తర్వాత ఫైలు తెరిచి క్యాల్క్ సొంత ఫార్మాట్ ఓడీఎస్‌గా సేవ్ చేయండి. మాడ్యూల్ పైన ‘ఆప్షన్ వీబీఏసపోర్ట్ 1’ అనే లైను కనిపిస్తుంది. దాన్ని మాత్రం తీసేయొద్దు, ఎక్సెల్ కమాండ్లు అర్థమయ్యేది దాని వల్లే.

ఇలా నడవని కోడ్‌ను క్యాల్క్ పద్ధతిలో తిరగరాసేటప్పుడే అసలు తిప్పలు. ఎక్సెల్‌లో సెల్స్(2, 3) అంటే రెండో రో, మూడో కాలమ్, అంటే సీ2 గడి. క్యాల్క్‌లో గడిని ఎంచుకునే కమాండ్ గెట్‌సెల్‌బైపొజిషన్‌లో కాలమ్ ముందు, పైగా లెక్క సున్నా నుంచి. అదే గడికి (2, 1) అని రాయాలి. (2, 3) అనే ఉంచేస్తే ఎర్రరేమీ రాదు, విలువ మాత్రం చడీచప్పుడు లేకుండా సీ4లో పడుతుంది. అందుకే మార్చిన ప్రతి మాక్రోనూ జవాబు ముందే తెలిసిన నాలుగు అంకెలతో నడిపి చూడాలి.

విండోస్ డీఎల్‌ఎల్‌లను (విండోస్‌కే చెందిన కోడ్ ఫైళ్లు) పిలిచే కోడ్ లినక్స్‌లో నడవదు, వేరే దారి చూసుకోవాల్సిందే.

ఇంకోటి, ‘సేవ్ ఒరిజినల్ బేసిక్ కోడ్’ టిక్ ఉండగా మళ్లీ ఎక్సెల్ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే పాత కోడే వెళ్తుంది, మీ మార్పులు వెళ్లవు. మార్చిన కోడ్‌ను విడిగా టెక్స్ట్ ఫైలులో కాపీ చేసి ఉంచుకోండి.