వార్తల మీద ఇంగ్లిష్‌లో మాట్లాడించేదెలా?

ఇంగ్లిష్ ఓ మాదిరిగా వచ్చినవాళ్లు ఆరుగురు కూర్చుని ‘ఈరోజు టాపిక్ గ్లోబల్ వార్మింగ్’ అనుకుంటే అయిదు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. భూమి వేడెక్కుతోంది, చెట్లు నాటాలి, ప్లాస్టిక్ మానాలి. కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. మిగిలిన ముప్పావుగంటా ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. వాళ్లకు ఇంగ్లిష్ రాకనా అంటే కాదు. టాపిక్‌లో వాదించుకోవడానికి ఏమీ లేక.

ఇక్కడ చెప్పేది బీ2 స్థాయివాళ్లకు, అంటే ఐఈఎల్‌టీఎస్‌లో సుమారు 5.5 నుంచి 6.5 తెచ్చుకోగలవాళ్లకు. వీళ్లకు టెన్సులు వచ్చు, పేపరు చదివితే అర్థమవుతుంది, ఆఫీసులో పని నడుపుకోగలరు. అభిప్రాయం చెప్పమంటే మాత్రం గ్రూప్ డిస్కషన్ కోచింగ్‌లో బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్పేస్తారు. దాన్నుంచి బయటపడేయడమే ఈ సంభాషణల పని.

టాపిక్ ఎంచుకునేటప్పుడు

వార్తను తీసుకుని మూడు విషయాలు చూడండి. గదిలో ఇద్దరు తెలివైనవాళ్లు నిజాయితీగా విభేదించగలరా? ఈ నిర్ణయం వల్ల ఎవరికో మేలు, ఇంకెవరికో నష్టం ఉందా? కూర్చున్నవాళ్లలో కనీసం ఇద్దరి బతుక్కి ఇది ఎక్కడైనా తగిలిందా? మూడిటికీ ‘అవును’ వస్తేనే తీసుకోండి. ఆ తర్వాత వార్తను ఒక్క వాక్యంలో ప్రశ్నగా మార్చండి. ప్రశ్నగా మారకపోతే అది టాపిక్‌గా పనికిరాదు.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం సంగతే తీసుకుందాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో వచ్చింది. ‘ఉచిత బస్సు మంచిదా చెడ్డదా’ అని అడిగితే మళ్లీ అడ్వాంటేజెస్, డిసడ్వాంటేజెస్ పాఠమే వస్తుంది. ‘ప్రభుత్వం దగ్గర ఒక్కదానికే డబ్బుంటే ఉచిత టికెట్లు ఇవ్వాలా, బస్సుల సంఖ్య పెంచాలా?’ అని అడగండి. ఇప్పుడు ఎవరైనా ఒకటి వదులుకోవాల్సిందే. వదులుకోవాల్సి వచ్చినప్పుడే మనిషి సొంత మాటలు వెతుక్కుంటాడు. పైగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ‘ఇఫ్ ఐ హ్యాడ్ టు చూజ్, ఐ వుడ్...’ అనే వాక్యం తప్పదు. ఆ వ్యాకరణం మీరు విడిగా నేర్పనక్కర్లేదు, ప్రశ్నే లాక్కొస్తుంది.

మెట్లుగా అడగండి. మొదట అనుభవం: మీ ఇంట్లో బస్సు ఎక్కువగా ఎక్కేదెవరు, నెలకు ఎంతయ్యేది? తర్వాత అభిప్రాయం: నెలకు లక్ష జీతమున్న ఆవిడకూ టికెట్ ఉచితంగా ఇవ్వాలా? ఆ తర్వాత అవతలి పక్షం: ఈ పథకంతో గిరాకీ తగ్గిందంటున్న ఆటో డ్రైవరుకు ప్రభుత్వం ఏమైనా బాకీ ఉందా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్లకు రూ.15 వేల చొప్పున ఇచ్చింది కాబట్టి ఇది ఊహాప్రశ్న కాదు. చివర్లో టికెట్టా, బస్సా అన్న అసలు ప్రశ్న. తిన్నగా చివరి మెట్టు ఎక్కిస్తే గది మౌనం పడుతుంది. మొదటి మెట్టు మీదే ఉండిపోతే కబుర్లయిపోతాయి.

ముందురోజు ఇంట్లో తెలుగు పేపర్లోనే ఆ వార్త చదివి రమ్మనండి. చాలామంది ఇక్కడ అభ్యంతరం చెబుతారు, ఇంగ్లిష్ క్లాసుకు తెలుగు చదవడమేమిటని. విషయం కొత్తది, భాషా కష్టమే అయితే మెదడు రెండు బరువులూ ఒకేసారి మోయలేదు. విషయం తెలుగులో తెలిసిపోతే గదిలో మొత్తం శ్రద్ధ ఇంగ్లిష్ మీదే పెట్టొచ్చు. గదిలో మాత్రం 200 నుంచి 250 పదాల ఇంగ్లిష్ వార్త ఒకటి చేతికివ్వండి. అంతకు మించితే అది చదవడం క్లాసు అయిపోతుంది.

పదాల పట్టిక ఎనిమిదికి మించకూడదు. విడి పదాలు కాకుండా పదబంధాలుగా ఇవ్వండి. ఈ టాపిక్‌కైతే: ‘ఎలిజిబుల్ ఫర్’, ‘ఫుట్ ద బిల్’, ‘లూజ్ అవుట్’, ‘రన్ ఎట్ ఎ లాస్’, ‘ఎట్ ది ఎక్స్‌పెన్స్ ఆఫ్’, ‘కాంట్ అఫర్డ్ టు’, ‘టేక్ అప్ ఎ జాబ్’, ‘ఎండ్ అప్ స్టాండింగ్’. ‘సబ్సిడీ’ లాంటి మాట పట్టికలో దండగ, అది తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది.

‘అట’నూ ‘ఏమో’నూ ఇంగ్లిష్‌లోకి తేవడం

తెలుగువాళ్లకు వార్తల మీద మాట్లాడేటప్పుడు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చూడాలి. ‘చార్జీలు పెంచుతారట’ అంటాం. ఆ ఒక్క ‘అట’తో ఇది నేను విన్నది, బాధ్యత నాది కాదు అని చెప్పేశాం. అదే మాట ఇంగ్లిష్‌లో ‘దే ఆర్ ఇంక్రీజింగ్ ది ఫేర్స్’ అయిపోతుంది. విన్నది కాస్తా నిశ్చయంగా తెలిసినదైపోయింది. ‘హౌ డూ యూ నో?’ అని ఎదుటివాళ్లు అడిగితే గుక్క తిప్పుకోలేరు.

పేపర్లో చూసిన ‘అట’కు ‘ఇట్స్ బీన్ రిపోర్టెడ్ దట్’. ఎవరో చెప్పగా విన్న ‘అట’కు ‘అపారెంట్లీ’ లేదా ‘ఐ గేదర్’. ‘అంటున్నారు గానీ నాకు నమ్మకం లేదు’ అనే ‘అట’కు ‘సపోజెడ్లీ’. మూడూ ఒకటి కాదు. ‘సపోజెడ్లీ, ది బసెస్ ఆర్ ఫ్రీ’ అన్నారంటే మీరు ఆ మాటను శంకిస్తున్నారని వినేవాళ్లకు అర్థమవుతుంది. తెలియక వాడితే ఎత్తిపొడుపులా వినిపిస్తుంది.

‘ఏమో’ కూడా అంతే. ‘ఆపేస్తారేమో’ అనాల్సిన చోట ‘దే విల్ స్టాప్’ అనేస్తారు. ‘దే మైట్ స్టాప్’ అంటే సరిపోతుంది. అవకాశం గట్టిగా ఉందనిపిస్తే ‘దే మే వెల్ స్టాప్’. దీనికి చక్కటి అభ్యాసం ఒకటుంది. అదే వార్త మీద ‘అట’, ‘ఏమో’ ఉన్న తెలుగు వాక్యాలు ఆరు రాసివ్వండి, ఆ రెండూ పోకుండా ఇంగ్లిష్‌లో చెప్పమనండి. మొదటిసారి ఎక్కువగా పోయేవి అవే.

మూడోది ‘అండీ’. ‘అది కాదండీ’ అంటే ఎంత గట్టిగా కాదన్నా మర్యాద పోదు. దాన్ని ‘నో, యూ ఆర్ రాంగ్’ చేస్తే చెంప మీద కొట్టినట్టుంటుంది. ఇంగ్లిష్‌లో ‘అండీ’ పనిని కొన్ని ముందుమాటలు చేస్తాయి: ‘ఐ సీ వాట్ యూ మీన్, బట్’, ‘దట్స్ ట్రూ అప్ టు ఎ పాయింట్’, ‘ఐయామ్ నాట్ సో ష్యూర్’. ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ కోచింగ్ నోట్సులో ఉంటుంది గానీ, మామూలు సంభాషణలో అది గొడవకు నాంది పలికినట్టు వినిపిస్తుంది, మాన్పించండి.

గంటను ఎలా పంచాలి

మొదటి అయిదు నిమిషాలు వార్తలోని వాస్తవాలు మాత్రమే: ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి. అభిప్రాయాలు అప్పుడే రానివ్వొద్దు. తర్వాత ఏడు నిమిషాలు ఆ ఎనిమిది పదబంధాలు.

ఆపైన 18 నిమిషాలు 4/3/2 పద్ధతి. ఆరుగురుంటే ముగ్గురు మాట్లాడేవాళ్లు కదలకుండా వరసగా కూర్చుంటారు, ఎదురుగా ముగ్గురు వినేవాళ్లు. ఒకరు ఎదుటివారికి నాలుగు నిమిషాలు తన అభిప్రాయం చెబుతారు. వినేవాళ్లు ఒక కుర్చీ జరుగుతారు. అదే విషయం కొత్త మనిషికి మూడు నిమిషాల్లో, మళ్లీ ఇంకొకరికి రెండు నిమిషాల్లో. తర్వాత పాత్రలు మారతాయి. విషయం మారదు కాబట్టి మూడోసారికి తడబాటు తగ్గి మాట సాఫీగా వస్తుంది. రెండు చోట్ల ఇది చెడుతుంది. ఒకటి, రెండు నిమిషాల్లో పట్టించడానికి సగం పాయింట్లు వదిలేయడం. పాయింట్లన్నీ ఉండాలి, నసుగుళ్లే పోవాలని ముందే చెప్పండి. రెండు, వినేవాళ్లను మార్చకపోవడం. విన్నవాళ్లకే మళ్లీ చెప్పడంలో చెప్పేవాళ్లకు ఉత్సాహం ఉండదు. నలుగురే ఉంటే వినేవాళ్లు ఇద్దరే కాబట్టి 3/2తో సరిపెట్టుకోవాలి.

ఇంకో 18 నిమిషాలు గుంపు చర్చ, నలుగురికి తలా ఒక పాత్ర కాగితం. ఉచిత బస్సుకైతే: రెండిళ్లలో పనిచేయడానికి బస్సెక్కే ఆవిడ, స్టాండులో గిరాకీ కోసం చూసే ఆటో డ్రైవరు, ప్రతి మహిళకూ జీరో టికెట్ కొట్టాల్సిన కండక్టరు, టికెట్ కొనుక్కుని నిలబడి వెళ్లే కాలేజీ కుర్రాడు. మిగతావాళ్లు ప్రశ్నలడగొచ్చు. తన అభిప్రాయం కాదు గనక మొహమాటస్తులు కూడా పాత్ర చాటున ధైర్యంగా మాట్లాడతారు. గలగలా మాట్లాడేవాళ్లు అవకాశం లాగేసుకుంటుంటే ఒక్కొక్కరికి మూడేసి చింతగింజలివ్వండి. మాట్లాడినప్పుడల్లా ఒకటి మధ్యలో పెట్టాలి, గింజలైపోతే అందరివీ అయ్యేదాకా వినాలి.

మిగిలిన 12 నిమిషాలు దిద్దుబాటు. మాట్లాడుతుండగా మధ్యలో ఆపి సరిదిద్దకండి. అలా ఆపితే తర్వాతి వాక్యం గొంతులోనే ఆగిపోతుంది. నోట్సులో రాసుకుని చివర్లో బోర్డు మీద ఆరు వాక్యాలు, పేర్లు లేకుండా పెట్టండి. మూడు బాగున్నవి, మూడు దిద్దాల్సినవి. దిద్దాల్సినవి మనవాళ్ల దగ్గర దాదాపు ఊహించినవే ఉంటాయి. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ తీసేయాలి. ‘సిన్స్ టూ ఇయర్స్ ఐయామ్ యూజింగ్’ కాదు, ‘ఐ హ్యావ్ బీన్ యూజింగ్ ఇట్ ఫర్ టూ ఇయర్స్’. ‘కుడ్ ఏబుల్ టు’ కాదు, ‘కుడ్’ గానీ ‘వాజ్ ఏబుల్ టు’ గానీ ఒకటే ఉండాలి. అన్నిటికన్నా తికమక పెట్టేది వ్యతిరేక ప్రశ్నకు జవాబు. ‘బస్సు రాలేదా?’ అంటే తెలుగులో ‘అవును, రాలేదు’. ఇంగ్లిష్‌లో ‘హ్యాజంట్ ది బస్ కమ్?’ అంటే ‘నో, ఇట్ హ్యాజంట్’. చర్చలో ‘డోంట్ యూ అగ్రీ?’కు ‘యెస్, ఐ డోంట్’ వచ్చిందంటే మనిషి ఎటువైపున్నాడో ఎవరికీ తెలియదు.

మరికొన్ని ప్రశ్నలు

2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. నిబంధన పాటించకపోతే జరిమానా కంపెనీకే, 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా. పిల్లలకూ తల్లిదండ్రులకూ శిక్ష లేదు. ‘మన దగ్గర ఇలాంటి చట్టం వస్తే మొదట తప్పించుకునే దారి చూపించేది తల్లిదండ్రులేనా?’ అని అడగండి. ‘లూప్‌హోల్’, ‘గెట్ అరౌండ్’, ‘క్రాక్ డౌన్ ఆన్’ అన్నీ సందర్భంలోనే దొరుకుతాయి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ప్రశ్న: పెద్దవాళ్లు తమ డబ్బు తాము పోగొట్టుకునే హక్కు ప్రభుత్వం తీసేసుకోవచ్చా?

నియోజకవర్గాల పునర్విభజన, అంటే జనాభాను బట్టి సీట్లు మళ్లీ పంచడం, కాస్త గట్టి సరుకు, రెండు వారాలు కేటాయించండి. లోక్‌సభలో రాష్ట్రాలవారీ సీట్లను 1971 జనాభా లెక్కల దగ్గర 42వ సవరణ ఆపేసింది. 2001లో చేసిన 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17 సీట్లు. ‘జనాభాను అదుపు చేసిన రాష్ట్రం సీట్లలో నష్టపోవడం న్యాయమా? ఒక ఓటుకు ఒకే విలువ ఉండకపోవడం న్యాయమా?’ రెండు వైపులా బలమైన వాదనలున్న ప్రశ్న ఇది. మొదటి వారం వాస్తవాలకే సరిపోతుంది.

హెచ్-1బీ వీసా మీద 2025 సెప్టెంబరులో అమెరికా పెట్టిన లక్ష డాలర్ల రుసుము తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. ఎవరి అన్నయ్యో, అల్లుడో అక్కడ ఉంటారు కాబట్టి ‘మీవాళ్ల పరిస్థితేంటి’ అని ఎవరినీ అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

కులం, మతం, పార్టీల మీద చర్చను పరిచయం కుదిరేదాకా, కనీసం ఆరేడు వారాలు, వాయిదా వేయండి. ఆ చర్చ మొదలుపెట్టాక కూడా ఒక మనిషిని తన కులానికో మతానికో ప్రతినిధిగా నిలబెట్టి మాట్లాడించకూడదు. పార్టీ పేర్లు వస్తున్నాయంటే ‘హూ డిడ్ ఇట్’ పక్కనపెట్టి ‘డజ్ ఇట్ వర్క్’కు తీసుకురండి. మాట వేడెక్కి తెలుగులోకి జారితే తిట్టకండి. ఒక నిమిషం తెలుగులోనే కానిచ్చి, ‘ఇప్పుడన్నదే ఇంగ్లిష్‌లో చెప్పండి’ అనండి. ఆ క్షణంలో వాళ్లకు చెప్పాల్సిన మాట నిజంగా ఉంది, ఏ పదబంధం లేక ఆగారో అప్పుడే బయటపడుతుంది. వచ్చేవారం ఎనిమిదిలో దాన్ని ఒకటిగా పెట్టండి.

4/3/2లో ఆఖరి రెండు నిమిషాలూ ఎవరి ఫోన్లో వాళ్లు రికార్డు చేసుకోవాలి. నెల తర్వాత అదే టాపిక్‌లో కొత్త వార్త వచ్చినప్పుడు మళ్లీ రెండు నిమిషాలు మాట్లాడించి, రెండు రికార్డులూ పక్కపక్కన విని, ‘అపారెంట్లీ’, ‘మైట్’, ‘అప్ టు ఎ పాయింట్’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టుకోమనండి.