ఇంటి పక్కన పేవర్ బాట – రెండో పాఠం: బ్లాకు కింద ఏముండాలి

పోయిన పాఠంలో బాటకు గీత గీసుకుని, దాని మీద పరిచే సిమెంట్ పేవర్ బ్లాకులు ఎంచుకున్నాం. కొత్తగా చేరినవారి కోసం క్లుప్తంగా చెప్తాను. మనం వేసుకుంటున్నది గేటు దగ్గర నుంచి ఇంటి పక్కగా పెరట్లోకి వెళ్లే బాట. పొడవు 20 అడుగులు, వెడల్పు 3 అడుగులు. నడవడానికి, అప్పుడప్పుడూ స్కూటర్ తోసుకెళ్లడానికి. అందుకే 60 ఎంఎం మందం, 200 × 100 ఎంఎం సైజు ఉన్న ఇటుక ఆకారం బ్లాకు తీసుకున్నాం. ఇవి చదరపు మీటరుకు 50 పడతాయి. మన 60 చదరపు అడుగులకు 280 కావాలి. విరిగేవీ కోసేవీ కలుపుకుని 295 తెప్పించుకుంటే సరిపోతుంది.

రంగులవీ మెరిసేవీ వద్దు, మామూలు బూడిద రంగువి చాలని అప్పుడే చెప్పాను. అక్కడ మిగిలిన డబ్బు ఈ పాఠంలో ఖర్చు పెడతాం. పాడైన పేవర్ బాట ఎక్కడైనా కనబడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. చాలాచోట్ల బ్లాకు నిక్షేపంగానే ఉంటుంది. దాని కింద నేల కుంగి ఉంటుంది, లేదా అంచు విడిపోయి వరస పక్కకు జరిగి ఉంటుంది. ఖరీదైన బ్లాకును వదులు మట్టి మీద పేరిస్తే ఒక వానాకాలం గడిచేసరికి ఎగుడుదిగుడు అవుతుంది. చౌక బ్లాకును గట్టి పునాది మీద పేరిస్తే ఏళ్ల తరబడి కదలదు. అందుకే ఈ పాఠంలో ఒక్క బ్లాకు కూడా పేర్చం.

ముందు మీ నేల సంగతి

హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్రనేల, మొరం నేల అయితే మీరు అదృష్టవంతులే. పై మట్టి తీసేస్తే కింద గట్టి పొర త్వరగానే తగులుతుంది. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ జిల్లాల్లో నల్లరేగడి ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిందేదైనా దానితో పాటే లేచి దిగుతుంది. అలాంటి చోట నేను చెప్పే లోతు కన్నా ఇంకో ఆరు అంగుళాలు ఎక్కువ తవ్వి, ఆ ఆరు అంగుళాలూ మొరంతో నింపి, దిమ్మిసతో దంచి గట్టిగా అణచండి. మీ ఊళ్లో మొరాన్ని గ్రావెల్ అంటుంటే, ఆ పేరుతోనే అడగండి. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో నీరు పైపైనే ఉంటుంది కాబట్టి తవ్వకాన్ని ఎండాకాలంలో పెట్టుకోవడం మేలు.

ఎక్కడైనా సరే, పై మట్టిని పారెయ్యకండి. ఆకులూ వేర్లూ కలిసిన ఆ మట్టి పునాదికి పనికిరాదు గానీ మొక్కలకు అదే బంగారం. గోడవారగా పోగేసి పెట్టుకోండి.

తవ్వకం

పలుగు ఎత్తే ముందు ఇంట్లో పెద్దవాళ్లనో, ఇల్లు కట్టిన మేస్త్రీనో అడిగి మూడు విషయాలు తెలుసుకోండి. సంపు నుంచి వచ్చే నీళ్ల పైపు ఎటు పోతోంది? మురుగు పైపు, దాని చాంబర్ ఎక్కడున్నాయి? కరెంటు ఎర్తింగ్ గుంత ఏ మూల ఉంది? భూమిలోంచి వైరు వెళ్లినట్టు అనుమానం వచ్చినా పలుగు పక్కనపెట్టి, తాపీతో కొద్దికొద్దిగా తవ్వండి. ఇంకొక మాట. కొత్త ఇళ్లలో చెదలు రాకుండా గోడ చుట్టూ మట్టిలో మందు పోయించి ఉంటారు. గోడను ఆనుకుని తవ్వితే ఆ మందు పొర చెదిరిపోతుంది. గోడకు ఒక అడుగు దూరం వదిలి బాట మొదలుపెట్టండి. ఆ ఒక్క అడుగు జాగాలో గులకరాళ్లు పరచుకుంటే చూడ్డానికీ బాగుంటుంది.

బాట 3 అడుగులే అయినా తవ్వే వెడల్పు 4 అడుగులు ఉండాలి. ఇరువైపులా ఆరేసి అంగుళాలు అంచు నిలబెట్టడానికి. లోతు లెక్క ఇలా: కంకర పొర 4 అంగుళాలు, దాని మీద ఇసుక అంగుళంపావు, ఆ పైన బ్లాకు సుమారు 2.4 అంగుళాలు. మొత్తం ఏడున్నర పైచిలుకు. మనం 7 అంగుళాలే తవ్వుతాం. అప్పుడు బాట చుట్టూ ఉన్న నేల కన్నా అర అంగుళం పైన ఉండి, వాన పడినప్పుడు మట్టి దాని మీదికి కొట్టుకు రాదు. తయారైన బాట ఇంటి బేస్‌మెంట్ పై మట్టం కన్నా కనీసం ఆరు అంగుళాలు కిందే ఉండాలన్నది మాత్రం మరవొద్దు. లేకపోతే గోడకు చెమ్మ ఎక్కుతుంది.

ఇప్పుడు ఈ పాఠంలో నేను గట్టిగా పట్టుబట్టే విషయం: వాలు. నీళ్లు ఇంటి గోడకు దూరంగా, ప్రహరీ వైపు పోవాలి. యాభై అడుగులకు ఒక అడుగు లెక్కన చూస్తే మన 3 అడుగుల వెడల్పుకు ముప్పావు అంగుళం వాలు చాలు. నడిచేవాళ్ల కాలికి అది తెలియను కూడా తెలియదు. ఈ వాలును తవ్విన నేలలోనే తీసుకురావాలి. నేల మట్టంగా తవ్వేసి, తర్వాత ఒకవైపు ఇసుక ఎక్కువ పోసి వాలు తెప్పించే పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది. మందంగా పోసిన ఇసుక ఎక్కువగా అణుగుతుంది, పల్చగా పోసింది తక్కువగా అణుగుతుంది. కొన్నాళ్లకు బాట తనకు నచ్చిన వాలు తను తెచ్చుకుంటుంది, అది చాలాసార్లు ఇంటి వైపే ఉంటుంది. నేలకు ఉన్న వాలే కంకరకు, కంకరకు ఉన్నదే ఇసుకకు. ఏ పొరైనా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం.

మట్టం చూడడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. సన్నటి పారదర్శక ట్యూబులో నీళ్లు నింపి, గాలి బుడగలు లేకుండా చూసుకుంటే అదే ట్యూబ్ లెవెల్. ఇంటివైపు ఒక మేకు, ప్రహరీ వైపు ఒక మేకు పాతి, రెంటి మీదా ఒకే నీటి మట్టం గుర్తు పెట్టండి. ప్రహరీ వైపు గుర్తును ముప్పావు అంగుళం కిందికి దించి తాడు కట్టండి. ప్రతి ఐదడుగులకూ ఇలాంటి జత ఒకటి ఉండాలి. ఇక అన్ని కొలతలూ తాడు నుంచి కిందికే.

తవ్వాక అడుగు నేలను తడిపి దిమ్మిస వెయ్యండి. మెత్తగా దిగబడే చోటు తగిలితే ఆ మట్టి తీసేసి మొరం నింపండి. పాత చెట్టు మొద్దు, వేర్లు ఉంటే పూర్తిగా తీసెయ్యాలి. అవి కుళ్లిన రోజున అక్కడ గుంత పడుతుంది.

కంకర పొర

ఒట్టి 20 ఎంఎం కంకర పోస్తే రాళ్ల మధ్య ఖాళీలుంటాయి. పైన పోసిన ఇసుక మెల్లమెల్లగా ఆ ఖాళీల్లోకి జారిపోతుంది. ఒట్టి క్రషర్ డస్ట్ (రాయి కొట్టగా వచ్చే పొడి) పోస్తే తడికి బురదలా మెత్తబడుతుంది. రెండూ కలిపిన మిశ్రమమే కావాలి. పెద్ద రాయి బరువు మోస్తుంది, చిన్న చిప్స్, డస్ట్ దాన్ని కదలకుండా పట్టి ఉంచుతాయి. క్రషర్ దగ్గర రోడ్ల పనికి అమ్మే జీఎస్‌బీ (రోడ్డు అడుగు పొరకు వాడే కంకర) మిశ్రమం దొరికితే అదే తెచ్చుకోండి. మన బాటకు అణిచిన తర్వాత 27 ఘనపు అడుగులు కావాలి. అణిగేది కలుపుకుని 35 తెప్పించండి.

నాలుగు అంగుళాలూ ఒకేసారి పోసి పైన దంచితే పైభాగమే గట్టిపడుతుంది. దెబ్బ కింది దాకా చేరదు. కాబట్టి రెండు పొరలుగా వెయ్యాలి. రెండున్నర అంగుళాలకు కాస్త పైగా పరిచి, నీళ్లు చిలకరించి, అది రెండు అంగుళాలకు దిగేదాకా దిమ్మిస వెయ్యండి. ఆ పైన రెండో పొర కూడా అలాగే. తడి ఎంత ఉండాలంటే, పిడికెడు మిశ్రమం పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీరు కారకూడదు. ఈ మాత్రం జాగాకు చేతి దిమ్మిస చాలు. కారు నిలిపే చోటు చేసుకుంటున్నవాళ్లు మాత్రం ప్లేట్ కంపాక్టర్ (నేలను అదిరిస్తూ అణిచే యంత్రం) అద్దెకు తెచ్చుకోవాలి. కంకర 8 అంగుళాలు, బ్లాకు 80 ఎంఎం ఉండాలి.

కొందరు మేస్త్రీలు కింద కాంక్రీటు పోసేద్దాం, గట్టిగా ఉంటుంది అంటారు. నడక బాటకు నేను వద్దనే చెప్తాను. బ్లాకుల సందుల్లోంచి దిగిన నీళ్లు కాంక్రీటు మీద నిలిచిపోతాయి, ఇసుకను కడిగేస్తాయి. రేపు పైపు పగిలితే బ్రేకర్ పెట్టి కొట్టాలి. సిమెంట్ లేకుండా వేసిన బాటను నాలుగు బ్లాకులు లేపి, పైపు బాగుచేసి, అవే నాలుగు బ్లాకులు మళ్లీ పేర్చుకోవచ్చు. వాన నీరు కొంతైనా భూమిలోకి దిగుతుంది. ప్రతి ఎండాకాలం బోర్లు ఎండిపోతున్న మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఇంటి చుట్టూ జానెడు నేల కూడా వదలకుండా సిమెంట్ చేసేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఒక వైపు అంచు

అంచు లేని పేవర్ బాట నిలవదు. అడుగు పడిన ప్రతిసారీ బ్లాకులు ఒకదాన్నొకటి బయటికి నెట్టుకుంటాయి. ఇంటివైపు అంచును ఇప్పుడే కట్టేద్దాం. అణిచిన కంకర మీద తాడు పట్టుకుని, కాంక్రీటు పడక మీద సాలిడ్ సిమెంట్ ఇటుకలు వరసగా నిలబెట్టండి. 1:3:6 పాళ్ల కాంక్రీటు చాలు, అంటే సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు, కంకర ఆరు. ఇటుకల వెనక వైపు కూడా అదే కాంక్రీటు ఏటవాలుగా పోసి నొక్కండి. కాంక్రీటు పైభాగం బాట మట్టానికి రెండు అంగుళాలు దిగువన ఆగితే దాని మీద మట్టి కప్పి గడ్డి పెంచుకోవచ్చు. వారం రోజులు నీళ్లు కొట్టండి.

రెండో అంచు ఇప్పుడు వద్దు. బ్లాకులు పేర్చాక, ఆఖరి వరస ఎక్కడ ఆగిందో అక్కడే దాన్ని కడతాం. అప్పుడు బ్లాకులు కోసే పని చాలా తగ్గుతుంది.

పరీక్ష

సన్న ఇనుప చువ్వ తీసుకుని కంకర పొరలో చేత్తో గుచ్చండి. అర అంగుళం మించి దిగితే అక్కడ ఇంకా దంచాలి. తర్వాత వంకర లేని అల్యూమినియం బద్దను పొడవునా, అడ్డంగా ఆనించి చూడండి. కింద వేలు దూరేంత సందు ఉండకూడదు. చివరగా ఇంటివైపు అంచు నుంచి రెండు బకెట్ల నీళ్లు మెల్లగా పోయండి. నీళ్లు కొంత ఇంకుతూ మిగతావి ప్రహరీ వైపు జారాలి. ఎక్కడైనా మడుగు కడితే అక్కడ పైపైన గీరి, అదే కంకర మిశ్రమం వేసి, తడిపి దంచండి. ఇసుకతో పూడ్చకండి. పూడ్చిన చోటే రేపు బ్లాకు కుంగుతుంది.

మూడో పాఠానికి సిద్ధం చేసుకోవాల్సినవి: గరుకు ఇసుక లేదా కడిగిన రోబో శాండ్ (రాయిని నలగ్గొట్టి చేసిన ఇసుక) 10 ఘనపు అడుగులు, ప్లాస్టరింగ్‌కు వాడే సన్న ఇసుక ఒక బస్తా బాగా ఎండబెట్టి, 40 ఎంఎం పీవీసీ పైపు ముక్కలు రెండు, రబ్బరు సుత్తి ఒకటి. గరుకు ఇసుక మీద పట్టా కప్పి ఉంచండి, తడవకూడదు.