పబ్బులో, డీజే నైట్‌లో జనం మధ్య ఫోటోలు ఎట్లా తీయాలి?

తిరుపతిలో పెళ్లిళ్లు, రిసెప్షన్ల ఫోటోలు తీసే మాలాంటి వాళ్లకి ఇప్పుడు ఇంకో రకం పని కూడా వస్తోంది. సంగీత్‌లు, కాలేజీ ఫెస్టుల డీజే నైట్లు ఇక్కడే ఉంటాయి, అది కాకుండా శనివారం పొద్దున్నే బస్సెక్కి పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు పోయి అక్కడ పబ్బుల్లో అర్ధరాత్రి దాటేదాకా తీసి ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరే పని ఒకటి. "అన్నా అంత చీకట్లో, అంత తోపులాటలో ఎట్లా తీస్తావు?" అని తమ్ముళ్లు అడుగుతానే ఉంటారు, అందుకే నేను చేసే పద్ధతి మొత్తం రాస్తున్నా.

మొదట మాట్లాడుకోండి. ఎన్ని గంటలు తీయాలి, ఎన్ని ఫోటోలు ఇవ్వాలి, ఎప్పటికి ఇవ్వాలి, రాత్రి తిరిగి రావడానికి బండి ఎవరిది, ఇవన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టించుకుని అడ్వాన్స్ తీసుకోండి. ఆ రోజు జనం రాకముందు గంట ముందే పోండి. మేనేజర్ కంటే ముందు కలవాల్సింది గేటు దగ్గర బౌన్సర్లని, తర్వాత లైట్ల ఆపరేటర్ని. బౌన్సర్‌కి మీ మొహం గుర్తుంటే రాత్రి పదకొండుకి ఆ గుంపులో మీకు దారి చేస్తాడు. ఆపరేటర్ని ఒక్కటే అడగండి, లేజర్లు ఎక్కడున్నాయి, ఏ వైపు కొడతాయి అని. లేజర్ నేరుగా లెన్సులోకి పడితే సెన్సర్, అంటే కెమెరా లోపల ఫోటోని పట్టే చిప్పు, కాలిపోవచ్చు, ఫోటోల్లో గీత పడుతుంది, అది ఇంక పోదు. మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త, దాంట్లో ఆన్‌లో ఉన్నంతసేపూ సెన్సర్ తెరిచే ఉంటుంది.

సామాను తక్కువ పెట్టుకోండి. ఒక కెమెరా బాడీ, 24 ఎంఎం గానీ 35 ఎంఎం గానీ ఒక వైడ్ లెన్సు, ఒక ఫ్లాష్, దాని వెలుగుని మెత్తబరిచే చిన్న డిఫ్యూజర్, ఫ్లాష్‌కి రెండు సెట్ల సెల్లులు, జేబులో మెత్తటి గుడ్డ. బ్యాగు బార్ కౌంటర్ వెనక పెట్టించేయండి, జనంలో బ్యాగు వేసుకుని తిరిగితే మీకూ ఇబ్బంది, పక్కోళ్లకీ ఇబ్బంది. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ మాత్రం మర్చిపోవద్దు. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే 8 గంటలు తట్టుకోవచ్చని లెక్క, అదే 100 ఉంటే 15 నిమిషాలే, మనం స్పీకర్ల ముందు నాలుగైదు గంటలు నిలబడతాం.

ఇప్పుడు సెట్టింగ్స్, అసలు కథ ఇక్కడే ఉంది. నా మొదటి రాత్రి నేను రిసెప్షన్ స్టేజీ మీద తీసినట్టే షటర్ సెకనులో 125వ వంతులో పెట్టి ఫ్లాష్ నేరుగా కొట్టినా. మొహాలు సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనక కటిక నలుపు, ఆ హాల్లో వెలుగుతున్న నీలం, ఎరుపు లైట్లు ఒక్కటీ ఫోటోలో లేవు. ఆ ఫోటోలు చూసి ఆ పబ్బాయన "ఇది మా జాగానేనా?" అని అడిగినాడు, ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు ఎక్కడంటే, ఫ్లాష్ వెలిగి ఆరిపోయేది సెకనులో సుమారు వెయ్యో వంతులోనే, మనిషిని కదలకుండా పట్టేది అదే. హాలు లైట్లు ఫోటోలోకి రావాలంటే మాత్రం షటర్ కాసేపు తెరిచి ఉండాలి. కాబట్టి మాన్యువల్ మోడ్‌లో పెట్టుకుని ఐఎస్ఓ (సెన్సర్ వెలుగు పట్టే శక్తి) 1600, ఎపర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం) 4, షటర్ సెకనులో 15వ వంతు, ఇక్కడ మొదలుపెట్టండి. ఫ్లాష్ ఆటోలోనే ఉంచి పవర్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి, రియర్ కర్టెన్ సింక్ ఆన్ చేయండి, అప్పుడు ఫ్లాష్ చివర్లో కొడుతుంది, లైట్ల గీతలు మనిషి వెనక తోకలాగా వస్తాయి, మొహం స్పష్టంగా ఉంటుంది. గీతలు ఎక్కువై మొహం మీదికి వస్తుంటే షటర్ 30వ వంతుకి పోండి, లైట్లు చాలకపోతే 8వ వంతుకి రండి. మండపంలో లాగా ఫ్లాష్‌ని సీలింగ్‌కి తిప్పి బౌన్స్ చేద్దామంటే కుదరదు, పబ్బుల్లో సీలింగ్ ఎక్కువగా నల్ల రంగే, వెలుగంతా అదే మింగేస్తుంది. పొగ వదిలినప్పుడు కొట్టొద్దు, తెల్ల తెర కప్పేస్తుంది, పది సెకన్లు ఆగండి. వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే సైలెంట్ (ఎలక్ట్రానిక్) షటర్ ఆపేసి మెకానికల్ పెట్టండి, లేకపోతే అడ్డంగా చారలు పడతాయి.

ఫోకస్ దొరక్కపోతే కంగారు పడొద్దు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి 24 ఎంఎం లెన్సు వేసి, ఎపర్చర్ 5.6లో పెట్టి, ఫోకస్‌ని రెండు మీటర్ల దగ్గర లాక్ చేస్తే సుమారు ఒకటింబావు మీటరు నుంచి నాలుగున్నర మీటర్ల దాకా అంతా షార్ప్‌గానే వస్తుంది. అప్పుడు వ్యూఫైండర్ చూడకుండానే చెయ్యెత్తి తీయొచ్చు. జనం మరీ కిక్కిరిసినప్పుడు నేను తీసేది అట్లానే.

గుంపులో ఎట్లా మెలగాలో నేను నేర్చుకుంది పబ్బులో కాదు, మే నెలలో మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. వేషాలు వేసుకుని మగవాళ్లు చీరల్లో వస్తుంటే, డప్పులు మోగుతుంటే, ఆ ఇరుకు వీధుల్లో జనాన్ని నెట్టుకుంటూ పోతే ఒక్క ఫోటో కూడా రాదు. గుంపు ఎటు ఊగుతుందో అటే ఊగుతూ, గోడ వారగా జరుగుతూ, కెమెరా గుండెకి ఆనించుకుని పోవాలి. ఇంకోటి కూడా అక్కడే తెలిసింది, డప్పు వేగం పెరిగిందంటే చేతులు పైకి లేవబోతున్నాయని అర్థం. డీజే పాటలోనూ అంతే, బీట్ ఆగి, డ్రమ్ము గబగబా పెరిగి, ఒక్క క్షణం అంతా నిశ్శబ్దమైతే ఆ తర్వాత డ్రాప్ పడుతుంది, అంటే బీట్ ఒక్కసారిగా గట్టిగా తిరిగొస్తుంది, హాలంతా ఎగురుతుంది. ఆ నిశ్శబ్దం వచ్చేలోపే మీరు డీజే వెనక చేరుండాలి, జనం మొహాలు, చేతులు, లైట్లు అన్నీ ఒకే ఫ్రేములో దొరికేది అక్కడే.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. అడగకుండా దగ్గర నుంచి ఎవరినీ తీయొద్దు. అంత సౌండులో మాట వినపడదు, కెమెరా చూపించి కనుబొమ్మ ఎగరేస్తే చాలు, నవ్వి తల ఊపితే తీయండి, చెయ్యి అడ్డం పెడితే మీరే నవ్వి పక్కకి పోండి. ఒకసారి ఒక అమ్మాయి నా భుజం తట్టి బయటికి రమ్మని సైగ చేసింది. "అన్నా, మాది చిత్తూరు, ఫ్రెండ్ బర్త్‌డే అని వచ్చినా, ఇంట్లో తెలీదు, నా ఫోటో ఉంటే తీసేయన్నా" అనింది. చేతులు వణుకుతున్నాయి పాపం. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు, కానీ మన ఊర్లలో మనిషి ఇల్లు చేరేలోపే ఫోటో చేరుతుంది, చుట్టాల గ్రూపుల్లో తిరుగుతుంది. అక్కడే నిలబడి స్క్రీన్ చూపిస్తూ ఒక్కొక్కటే, మొత్తం నాలుగు ఫోటోలు డిలీట్ చేసినా, వెనకాల మసకగా కనిపించేది కూడా. ఎవరు అడిగినా అట్లానే చేయండి, కారణం అడగొద్దు. తాగి తూలుతున్నవాళ్లనీ, ఏడుస్తున్నవాళ్లనీ, బట్టలు జారినవాళ్లనీ తీయొద్దు, పొరపాటున పడితే క్లయింటుకి పోకముందే మీరే తీసేయండి. వాష్‌రూముల వైపు కెమెరా ఎత్తనే ఎత్తొద్దు. మీరు కూడా ఆ రాత్రి మందు ముట్టొద్దు, ఎవరు ఎంత బలవంతం చేసినా.

పని అయిపోయాక బస్సు ఎక్కేలోపే కార్డుల్ని రెండు చోట్లకి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి ఒక పది ఫోటోలు ఆ రాత్రే పంపితే క్లయింటు సంతోషపడతాడు, మిగతావి నిద్రపోయి లేచాక ఏరండి, నిద్రమత్తులో ఏరితే ఉండకూడనివి ఉండిపోతాయి. ఎడిటింగ్‌లో రంగులు మరీ సరిచేయొద్దు, నీలం లైటు కింద మొహం కొంచెం నీలంగా ఉండనీయండి. కార్డులు మాత్రం క్లయింటు "అన్నీ అందాయి" అని మెసేజ్ పెట్టేదాకా ఫార్మాట్ చేయొద్దు.