పీపీఎఫ్, కార్బన్ ర్యాప్ సమస్యలు: తేడా ఎక్కడ కొట్టిందో పట్టుకోవడం, సరిచేసుకోవడం

కారు మీద అతికించే ప్రతి పొరనూ స్టిక్కర్ అని ఒకే గాటన కట్టేస్తాం. గొడవ అక్కడే మొదలవుతుంది. పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అనేది టీపీయూతో, అంటే థర్మోప్లాస్టిక్ పాలీయురిథేన్‌తో చేసిన పొర. మందం మామూలుగా 150 నుంచి 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). సాగుతుంది, దెబ్బ తగిలితే కాస్త నొక్కుకుని మళ్లీ పైకి లేస్తుంది, పై పూత మీద పడ్డ సన్నటి గీతలు వేడికి మాసిపోతాయి. కార్బన్ లుక్ ర్యాప్, అంటే కార్బన్ ఫైబర్ నేతలా కనిపించే పొర, చాలా వరకు పీవీసీ వినైల్. సాదా వినైల్ మందం 100 మైక్రాన్లకు అటూ ఇటూ. గరుకు కార్బన్ రకాలు అంతకన్నా మందంగానే ఉంటాయి కానీ ఆ మందం చూపు కోసం. అది రాయిని ఆపదు.

ఇవి గుర్తుంటే కింది సమస్యల్లో చాలా వాటికి కారణం ఇట్టే దొరుకుతుంది.

ర్యాప్ ఉన్నా రాయి దెబ్బ పెయింట్ దాకా దిగింది

స్ప్లిటర్ (ముందు బంపర్ కింది పలక) మీదో సైడ్ స్కర్ట్ (డోర్ల కింది పట్టీ) మీదో ఆవగింజంత చుక్కలు కనిపిస్తాయి. దగ్గరికి వంగి చూస్తే చుక్క చుట్టూ వినైల్ చిరిగి ఉంటుంది, మధ్యలో తెల్లగానో బూడిద రంగులోనో ప్రైమర్ తేలి ఉంటుంది.

స్పోర్ట్స్ కారు ముక్కు నేలకు దగ్గర. ముందు బండి లేపిన రాయి బంపర్‌కీ, బానెట్ ముందు అంచుకీ తగులుతుందని అందరికీ తెలుసు. చాలామంది మరిచిపోయేది సొంత టైర్ల సంగతి. వెడల్పాటి మెత్తటి టైర్లు వేడెక్కితే జిగటగా మారి కంకరను ఎత్తుకుంటాయి, ఎత్తుకున్నదాన్ని వెనక్కి విసురుతాయి. ముందు చక్రం విసిరింది సైడ్ స్కర్ట్‌కి, డోర్ కింది భాగానికి, బయటికి ఉబ్బిన వెనక ఫెండర్ ముందు వంపుకి కొడుతుంది. ఇంజిన్ మధ్యలో ఉన్న కార్లలో పక్కన గాలి లాగే ఇన్‌టేక్ అంచులు కూడా సరిగ్గా ఆ దారిలోనే ఉంటాయి.

కాబట్టి కారంతటికీ ఏ ఫిల్మ్ మంచిది అని కాకుండా, ఈ ప్యానెల్‌కి ఏది అని అడగండి. పైన చెప్పిన చోట్లన్నిటికీ పీపీఎఫ్. రూఫ్, వెనక స్పాయిలర్ లాంటి చోట్ల రాయి తగిలేది తక్కువ గనుక అక్కడ వినైల్ సరిపోతుంది. స్ప్లిటర్‌కి కార్బన్ లుక్ కావాల్సిందే అంటే రెండు దారులు. నున్నటి గ్లాసీ (మెరిసే) కార్బన్ వినైల్ వేసి దాని మీద పీపీఎఫ్ వేయించడం ఒకటి. కార్బన్ నమూనా ముందే వేసిన టీపీయూ ఫిల్మ్ తీసుకోవడం రెండోది. ఖర్చు భరించగలిగితే రెండోదే నయం, ఒక పొరతో పని అయిపోతుంది. గరుకుగా ఉండే 3డీ వినైల్ మీద మాత్రం పీపీఎఫ్ వేయించొద్దు. పీపీఎఫ్ గ్లూ వినైల్ గీతల శిఖరాలకే అంటుకుంటుంది, లోయల్లో గాలి నిలిచి పైనుంచి చూస్తే పాలిపోయినట్టుంటుంది. అంచులు కూడా నిలవవు.

అన్నట్టు 3డీ, 4డీ, 5డీ, 6డీ అన్నవి ఏ ప్రమాణానికీ చెందిన పేర్లు కావు, అమ్మకం కోసం పెట్టుకున్నవి. 3డీ అంటే సాధారణంగా గరుకు మ్యాట్, 5డీ అంటే నమూనా మీద నున్నటి మెరుపు. అంకె పెరిగితే నాణ్యత పెరిగినట్టు కాదు.

కార్బన్ నేత వంకరపోయింది

ఇది దూరం నుంచి కనిపించదు. మిర్రర్ క్యాప్ దగ్గరికి వెళ్లి, ఏటవాలు గీతల్లో ఒకదాన్ని కంటితో పట్టుకుని చివరిదాకా వెళ్లండి. క్యాప్ మధ్యలో గీతలు ఒకే కోణంలో ఉంటాయి. మూల దగ్గరికి వచ్చేసరికి విల్లులా వంగుతాయి, గళ్లు పొడుగ్గా సాగుతాయి, నలుపు కాస్త వెలిసి బూడిద రంగులోకి తిరుగుతుంది. ఒకసారి కంటికి తగిలిందంటే ఇక ఎప్పుడు చూసినా అదే కనిపిస్తుంది.

కారణం ఫిల్మ్‌ని అతిగా లాగడం. ఒక్క రంగు వినైల్ అయితే కొంత సాగదీసినా ఎవరూ పట్టుకోలేరు. నమూనా ఉన్నదానితో ఆ సౌకర్యం లేదు, ప్రతి లాగుడూ గీతల్లో రికార్డైపోతుంది. వేడి చేసి సరిచేద్దామంటే కుదరదు. వేడి చేస్తే వినైల్ ముడుచుకుంటుంది గానీ గ్లూ పట్టేసిన చోట నేత పాత కోణానికి రాదు. తీసేసి కొత్త ముక్క వేయడమే.

కొత్తది వేసేటప్పుడు లోతైన గుంట, పదునైన వంపు ఉన్నచోట ఒకే ముక్కతో మొత్తం కప్పాలన్న పట్టుదల వదిలేయమనండి. ముందు గుంటలో చిన్న ముక్క, తర్వాత పైన పెద్ద ముక్క, అతుకు బాడీ లైన్ మీద పడేలా. అతుకు కనిపిస్తుందేమో అని భయపడతారు. సాగిన నేత కన్నా శుభ్రమైన అతుకే కంటికి తక్కువ తగులుతుంది, నా మాట నమ్మండి.

రెండు మిర్రర్లలో గీతలు ఒకే వైపు వాలి ఉన్నాయంటే, రెండు ముక్కలూ రోల్ నుంచి ఒకే దిశలో కోశారన్నమాట. అసలు కార్బన్ భాగాలు చేసేవాళ్లలో శ్రద్ధ ఉన్నవాళ్లు మధ్య గీతకి అటూ ఇటూ నేత అద్దంలో చూసినట్టు ఉండేలా పేరుస్తారు. ట్విల్ (ఏటవాలు గీతల నేత) ఫిల్మ్‌ని 90 డిగ్రీలు తిప్పి కోస్తే వాలు రెండో వైపుకి మారుతుంది. ఫిల్మ్ కొంచెం ఎక్కువ పడుతుంది, అందుకే అడగందే చేయరు. కోయకముందే అడగాలి.

నమూనా సైజు సంగతి కూడా చూసుకోండి. కార్లలో ఎక్కువగా కనిపించే 3కే (ఒక్కో పట్టీలో 3 వేల పోగులుండే) కార్బన్ నేతలో ఒక్కో పట్టీ వెడల్పు 2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కారు లోపల అసలు కార్బన్ ఉండి, బయట 5 మిల్లీమీటర్ల పట్టీలు ముద్రించిన ఫిల్మ్ వేశారంటే డోర్ తెరిచిన ప్రతిసారీ తేడా బయటపడుతుంది. నమూనా ముక్క తెచ్చుకుని అసలు భాగం పక్కన పెట్టి చూడండి.

అంచులు లేస్తున్నాయి

వెంటనే నొక్కేయకండి. ముందు లేచిన అంచు కింద ఏముందో చూడండి, కారణం అక్కడే ఉంటుంది.

ఫిల్మ్ వెనక్కి జరిగి, పెయింట్ మీద 1, 2 మిల్లీమీటర్ల జిగురు చార మిగిలి ఉంటే అది లాగుడు వల్ల వచ్చింది. సాగదీసిన వినైల్‌కి తన పాత ఆకారం గుర్తుంటుంది, ఎండ తగిలేసరికి అటే పోతుంది. క్యాలెండర్డ్ (రోలర్ల మధ్య నొక్కి చేసిన) వినైల్‌లో ఈ గుణం ఎక్కువ, కాస్ట్ (ద్రవంగా పోసి ఆరబెట్టిన) వినైల్‌లో తక్కువ. స్పోర్ట్స్ కారు వంపులకు కాస్ట్ తప్ప ఇంకోటి తీసుకోవద్దు. అతికించాక గుంటలనూ అంచులనూ హీట్ గన్‌తో మళ్లీ వేడి చేస్తే ఆ జ్ఞాపకం పోతుంది. చాలా కాస్ట్ వినైల్స్‌కి 90 డిగ్రీల సెల్సియస్ పైన కావాలి. చేత్తో తాకి చెప్పగలిగేది కాదది, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడాలి. వేసేవాళ్ల దగ్గర అది లేదంటే నేనైతే కారు అప్పగించను.

జిగురు వైపు మురికితో నల్లబడి, తాకితే అతుక్కోకుండా ఉంటే అంచు సరిగా కడగలేదు. పాత వ్యాక్స్, సిలికాన్ డ్రెస్సింగ్, సిరామిక్ కోటింగ్ అవశేషం ఏదో ఒకటి మిగిలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పెయింట్ తుడిచి, వేడి చేసి నొక్కితే కొత్తగా లేచిన అంచు నిలవొచ్చు. దుమ్ము పట్టేసిన జిగురు మళ్లీ పట్టదు, ఆ మేరకు కోసేయడమో ప్యానెల్ మార్చడమో చేయాలి.

గాలి తగిలే వైపు అంచు పీచులా చిరిగి ఉంటే ప్రెషర్ వాషర్ పని. నాజిల్‌ని కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, అంచు కిందికి నీళ్లు పోయే కోణంలో కాకుండా పట్టుకోవాలి.

కింద బుడగలు

గోరుతో మెల్లగా నొక్కండి. నీరైతే కదులుతుంది. పీపీఎఫ్‌ని సబ్బు నీళ్లు చల్లి అతికిస్తారు కాబట్టి మొదట్లో చిన్న చిన్న నీటి బుడగలు ఉండటం మామూలే. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఆరిపోతాయి, వాతావరణం చల్లగా ఉంటే ఇంకాస్త ఆలస్యం. సూది గుచ్చకండి. నొక్కితే దిగి, వేలు తీస్తే లేచేది గాలి. అది దానంతటది పోదు, వేసినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. గట్టిగా, మధ్యలో చుక్కతో ఉంటే దుమ్ము కణం. ఒకటో రెండో ఉంటే వదిలేయొచ్చు, బానెట్ మధ్యలో గుంపుగా ఉంటే మాత్రం మళ్లీ వేయమని పట్టుబట్టాలి.

వినైల్‌ని పొడిగానే వేస్తారు. దాని జిగురులో గాలి బయటికి పోవడానికి సన్నటి దారులుంటాయి, కాబట్టి వేడి చేసి అంచు వైపు తోస్తే చాలా బుడగలు పోతాయి.

పసుపు పచ్చబడింది

తెల్ల కార్లలో ముందు కనిపిస్తుంది. ఒక మూల చేయి పట్టేంత చోటు తీసుకుని షాంపూతో కడిగి, పీపీఎఫ్‌కి పనికొచ్చే ఐరన్ రిమూవర్ (ఇనుప రజను వదిలించే ద్రవం) వేసి తుడవండి. ఆ చోటు తెల్లబడితే ఫిల్మ్ బాగానే ఉంది, పై పూతలో మురికి చేరిందంతే. రంగు ఏమాత్రం మారకపోతే పసుపు ఫిల్మ్‌లోనో జిగురులోనో ఉంది, దానికి మందు లేదు.

పాలీయురిథేన్‌లో ఆరోమాటిక్, అలిఫాటిక్ అని రెండు రకాలున్నాయి. అతినీలలోహిత కిరణాలకు ఆరోమాటిక్ పచ్చబడుతుంది, అలిఫాటిక్ తట్టుకుంటుంది. కొనేటప్పుడు అలిఫాటిక్ టీపీయూ అని రాతపూర్వకంగా అడగండి. టీపీహెచ్ పేరుతో అమ్మే చౌక ఫిల్మ్‌లు పీవీసీ జాతికి చెందినవి. మాటలు నమ్మే బదులు నమూనా ముక్క తీసుకుని రెండు చేతులతో లాగి వదలండి. టీపీయూ దాదాపు మొదటి సైజుకి వస్తుంది. తర్వాత ఇత్తడి బ్రష్‌తో తేలిగ్గా గీసి, వేడి నీళ్లు పోయండి. గీతలు కళ్ల ముందే మాయం కావాలి.

వేసిన ఫిల్మ్ మీద గీతలు మానడం లేదన్న ఫిర్యాదుకీ ఇదే పరీక్ష. వేడి నీళ్లకీ పోని గీత పై పూతను దాటి లోపలికి దిగింది. కోత పడ్డ చోటు ఏ ఫిల్మ్‌లోనూ మానదు, అమ్మేటప్పుడు ఏం చెప్పినా సరే.

తీసేటప్పుడు పెయింట్ ఊడి వచ్చింది

అన్నిటికన్నా ఖరీదైన సమస్య ఇది. తప్పు మాత్రం తరచూ ఫిల్మ్‌ది కాదు. ఫ్యాక్టరీలో బాడీ షెల్‌కి వేసిన పెయింట్‌ని 140 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలుస్తారు, గట్టిగా పట్టేస్తుంది. రిపేర్ షాపులో ప్లాస్టిక్, వైరింగ్ అన్నీ కారుకే ఉంటాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గరే ఆపేస్తారు. ఆ పెయింట్ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. ఆరకముందే ఫిల్మ్ వేస్తే ద్రావకాల ఆవిరి కింద చిక్కుకుని బుడగలవుతుంది, తీసేటప్పుడు పెయింట్‌నీ పట్టుకొస్తుంది. కొత్త పెయింట్ తర్వాత కనీసం 30 రోజులు ఆగడం మామూలు లెక్క, పెయింట్ తయారీదారు ఎక్కువ చెబితే అంతే ఆగాలి.

సెకండ్ హ్యాండ్ కారైతే ఫిల్మ్ వేయించే ముందు మందం కొలిపించండి. ఫ్యాక్టరీ పెయింట్ ఎక్కువ కార్లలో 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క ప్యానెల్ మాత్రం 300 చూపిస్తే మళ్లీ పూశారని అనుమానించాలి. స్పోర్ట్స్ కార్లలో ఒక మెలిక ఉంది. మామూలు గేజ్ లోహం మీదే పనిచేస్తుంది. ప్లాస్టిక్ బంపర్, కార్బన్ ఫైబర్ రూఫ్ మీద దానికి ఏమీ తెలియదు, అల్ట్రాసోనిక్ గేజ్ కావాలి. బంపరే ఎక్కువగా మళ్లీ పెయింట్ పడే భాగం, మామూలు గేజ్‌కి అందనిదీ అదే.

తీసేటప్పుడు ఆవిరితోనో హీట్ గన్‌తోనో గోరువెచ్చగా చేసి, ఫిల్మ్‌ని దాని మీదకే మడిచినట్టు, పెయింట్‌కి దగ్గరగా, నిదానంగా లాగాలి. పైకి ఎత్తి లాగితే బలమంతా పెయింట్ మీద పడుతుంది.

చిన్నవే గానీ విసిగించేవి

మ్యాట్ పెయింట్ మెరుస్తోందంటే గ్లాసీ పీపీఎఫ్ వేశారు. మ్యాట్‌కి మ్యాట్ ఫిల్మే వేయాలి. గరుకు కార్బన్ గీతల్లో తెల్లటి పొడి కనిపిస్తే వ్యాక్స్ ఇరుక్కుంది. మెత్తటి బ్రష్, పలచటి క్లీనర్‌తో పోతుంది, ఇక మీదట వ్యాక్స్ వద్దు. పార్కింగ్ సెన్సార్ ఊరికే మోగుతుంటే సెన్సార్ బిళ్ల మీదుగా ఫిల్మ్ వేసి ఉంటారు. చుట్టూ కోసి తీయించాలి. రాడార్ ఉన్న చోట ఫిల్మ్ వేయొచ్చా లేదా అన్నది కారు మాన్యువల్ చూసి తేల్చుకోండి.

డిఫ్యూజర్ (వెనక బంపర్ కింది భాగం) మీద వినైల్ ఎగ్జాస్ట్ పక్కన ముడుచుకుపోతే అది వేడి. ఎంత మంచి వినైలైనా ఎగ్జాస్ట్ వేడిని భరించదు. అక్కడ అసలు కార్బన్ భాగమే పెట్టించుకోవాలి, లేదంటే ఆ కాస్త చోటు వదిలేయాలి. ఇంజిన్ వెనకున్న కార్లలో ఇంజిన్ మూత మీద వెంట్‌ల చుట్టూ కూడా ఇదే తంతు.

ఫిల్మ్ తీశాక ప్యానెల్ అంచుకి సమాంతరంగా జుట్టులాంటి గీత కనిపిస్తే అది బ్లేడు గాటు. కారు మీదే కోశారు. ప్లాటర్‌తో (కంప్యూటర్ కొలతలతో కోసే యంత్రం) ముందే కోసిన ముక్కలు తెప్పించుకుంటే ఆ భయం తక్కువ, కాకపోతే అంచు దగ్గర 1, 2 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలి అక్కడ మురికి గీత కడుతుంది. వినైల్‌కైతే నైఫ్‌లెస్ టేప్ ఉంది. ఫిల్మ్ కింద పరిచి దారం లాగితే బ్లేడు పెయింట్‌ని తాకకుండానే కోత పడుతుంది. ఏది వాడతారో బుకింగ్ రోజే అడగండి. చేయి తిరిగినవాడు బ్లేడుతోనే శుభ్రంగా కోస్తాడని చెబుతారు, నిజమే కావచ్చు, కానీ మీ కారు మీద పనిచేసేది ఆ చేయేనా అన్నది కూడా అడగండి.