అర్ధరాత్రి ఎండలో నిద్ర పట్టాలంటే

నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో దాదాపు మే 20 నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. మామూలు కర్టెన్లతో నిద్ర పట్టదు.

నాకు పనిచేసింది వంటింటి అల్యూమినియం ఫాయిల్. కిటికీ అద్దం మీద లోపలివైపు నీళ్లు స్ప్రే చేసి, తడి ఉండగానే ఫాయిల్ అంటించి చేత్తో సాపు చేయాలి. 80 సెం.మీ. వెడల్పు అద్దానికి 30 సెం.మీ. ఫాయిల్ మూడు ముక్కలు చాలు, ఒకదానిపై ఒకటి 2 సెం.మీ. ఎక్కించాలి. అంచులకు పేపర్ టేప్. ముందు ఉత్తరం కిటికీ మూయండి. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు (వేసవి సమయం) కాబట్టి ఇక్కడ సూర్యుడు సరిగ్గా ఉత్తరానికి వచ్చేది రాత్రి 12 గంటలకు కాదు, దాదాపు 12:45కి. నిద్ర చెడేది అప్పుడే.

మధ్యాహ్నం ఎండ నేరుగా పడే దక్షిణం, పడమర కిటికీలకు మాత్రం వద్దు. వేడెక్కి డబుల్ గ్లాస్ పగలొచ్చు. వాటికి మందపాటి దుప్పటి వేలాడదీయండి.

ఇంకోటి, వేసవిలో మన ఊరికి తేడా మూడున్నర గంటలు. రాత్రి 10కి ఎండ చూసి అమ్మకు ఫోన్ చేస్తే అక్కడ 1:30.