కారు ముందు అద్దం మార్చాక వచ్చే ఇబ్బందులు: లోపం అద్దానిదా, అమరికదా?

రెండేళ్ల క్రితం గుంటూరు నుంచి విజయవాడ వస్తుండగా, కాజ దగ్గర కంకర టిప్పర్ మీది నుంచి రాయి ఎగిరిపడి మా కారు ముందు అద్దం పగిలింది. ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో బయటి గ్లాస్, అంటే కారు కంపెనీ లోగో లేకుండా బజారులో దొరికే అద్దం వేయించాను. తొలి వానకే డ్రైవర్ కాళ్ల దగ్గరి కార్పెట్ తడిసిపోయింది. డబ్బుకు చూసుకుని తప్పు చేశానని చాలా బాధపడ్డాను. తీరా ఊడదీసి చూస్తే అద్దం నిక్షేపంగా ఉంది. పాత గమ్ మీది దుమ్ము తుడవకుండానే కొత్త గమ్ రాయడం వల్ల ఒక మూల అది అంటుకోనే లేదు. అందుకే, లక్షణాన్ని బట్టి కారణం తేల్చుకున్నాకే కంపెనీ గ్లాసా, బయటి గ్లాసా అన్న నిర్ణయానికి రావాలని నేను గట్టిగా చెబుతాను.

బయటి గ్లాసులన్నీ ఒకే రకం కావు. కార్ల కంపెనీలకు అద్దాలు సరఫరా చేసే అసాహీ ఇండియా, సెయింట్ గోబెన్ సెక్యూరిట్ వంటి సంస్థలు కారు లోగో లేకుండా బజారులోనూ అమ్ముతాయి. ఎవరు తయారు చేశారో చెప్పలేని సరుకూ దొరుకుతుంది. తేడా తెలిసేది అద్దం మూలనున్న ముద్రను బట్టే. తయారీదారు పేరు, ఐఎస్‌ఐ గుర్తు, భద్రతా గాజుకు భారత ప్రమాణమైన ఐఎస్ 2553 అన్న సంఖ్య అందులో ఉండాలి. ఇవి లేని అద్దాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొరతో తయారవుతుంది. పగిలినా ముక్కలు ముఖం మీదికి రాకుండా ఆపేది ఆ పొరే.

సమస్య: వాన పడినా, కారు కడిగినా లోపలికి నీరు వస్తోంది.

ఇది చాలావరకు అమరికలోని లోపం. గమ్ కింద దుమ్ము మిగలడం, గమ్ పట్టేందుకు ముందుగా పూసే ప్రైమర్ వేయకపోవడం, అద్దం కూర్చునే రేకు అంచు తుప్పు పట్టడం ముఖ్య కారణాలు. వైపర్ల కింది జాలీలో ఆకులు పేరుకుని నీటి దారి మూసుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది కనుక ముందుగా దాన్ని శుభ్రం చేయాలి. తర్వాత ఒకరు లోపల కూర్చుని అంచు వెంట పొడి కాగితం నొక్కి పట్టుకోగా, మరొకరు బయటి నుంచి సన్నని నీటి ధారతో కింది అంచు మొదలుకొని నెమ్మదిగా పైకి తడుపుతూ రావాలి. కాగితం ఎక్కడ తడిస్తే లీకు ఆ దరిదాపుల్లో ఉన్నట్టు. పరిష్కారం అద్దం తీయించి, తుప్పు గీకించి, యూరెథేన్ గమ్‌తో మళ్లీ కూర్చోబెట్టించడమే. పైపైన సిలికాన్ పూస్తామంటే ఒప్పుకోవద్దు, ఎందుకంటే సిలికాన్ అంటిన చోట తర్వాత యూరెథేన్ పట్టదు. ఇది కార్పెట్‌తో పోయే విషయం కాదు. చాలా కార్లలో ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఈ అద్దాన్నే ఆసరా చేసుకుంటుంది. గమ్ పట్టు లేకపోతే ఆ ఆసరా ఉండదు.

సమస్య: చూపు అలలుగా కదులుతోంది, రాత్రిపూట ఎదుటి హెడ్‌లైటు రెండుగా కనిపిస్తోంది.

ఇది మాత్రం నిజంగా అద్దం లోపమే కావచ్చు. వంపు సరిగా రాకపోయినా, రెండు పలకలు సమంగా అతుక్కోకపోయినా ఇలా అవుతుంది. ముందు లోపలి జిడ్డు శుభ్రంగా తుడిచి, కారును కరెంటు స్తంభానికి ఎదురుగా నిలిపి, తలను మెల్లగా పక్కలకు కదిలిస్తూ చూడండి. అంచుల దగ్గర కాస్త వంగినట్టు కనిపించడం కంపెనీ గ్లాసులోనూ ఉంటుంది. డ్రైవర్ చూపు సాగే మధ్య భాగంలో స్తంభం మెలి తిరిగితే ఆ అద్దాన్ని మార్చాల్సిందే, పాలిష్‌తో అది పోదు. గమ్ రాయకముందే అద్దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూపించమంటే ఈ శ్రమంతా తప్పుతుంది.

సమస్య: హైవే మీద వేగం పెరిగితే హోరు వినిపిస్తోంది.

అద్దం అంచుల మీద మాస్కింగ్ టేపు అంటించి అదే రోడ్డులో అదే వేగంతో నడపండి. హోరు ఆగితే అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (బీడింగ్) లేచిందనో, సందు మిగిలిందనో అర్థం. ఆగకపోతే పాత అద్దంలో శబ్దాన్ని తగ్గించే పొర ఉండి, కొత్తదానిలో లేకపోయి ఉండవచ్చు. కొన్ని అద్దాల ముద్రలో దీనికి చెవి బొమ్మ ఉంటుంది. పాత అద్దం పారేయకముందే దాని ముద్రను ఫొటో తీసుకోవాలి.

సమస్య: రాయి తగలకుండానే చీలిక వచ్చింది.

బాల్‌పెన్ మొనను చీలిక వెంట మెల్లగా లాగండి. చిన్న గుంటలో మొన తట్టుకుంటే అది రాయి దెబ్బే. గుంట లేకుండా అంచు నుంచి చీలిక పాకితే, అద్దం రేకుకు ఆనుకుని ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. అమర్చినవారిని నిలదీసి అడగవచ్చు. మే నెలలో బందరు రోడ్డు మీద గంటల తరబడి ఎండలో నిలిపిన కారుపై చల్లటి నీళ్లు కొట్టినా, ఏసీ గాలిని ఒక్కసారిగా అద్దం మీదికి తిప్పినా, ఉన్న చిన్న బీట పెద్దదవుతుంది.

వైపర్ గీరుకుంటుంటే ముందు రబ్బరు మార్చి చూడండి. అద్దం వెనుక కెమెరా ఉన్న కార్లలో హెచ్చరిక దీపం వెలిగితే, కెమెరాకు కాలిబ్రేషన్ (దాని గురి సరిచేయడం) చేయలేదేమో చూసుకోవాలి. ఇటువంటి కార్లకు కంపెనీ గ్లాస్, లేదా అచ్చంగా అదే కొలతలూ బ్రాకెట్టూ ఉన్నది వేయించడమే మంచిదని నా అభిప్రాయం. మామూలు కారుకు పేరున్న తయారీదారు అద్దం, మంచి మేస్త్రీ ఉంటే చాలు.

బీమా ఉంటే ధరలో తేడా కొంత తగ్గుతుంది. సమగ్ర పాలసీలో గాజు భాగాలకు తరుగుదల, అంటే పాతబడినందుకు తగ్గించే మొత్తం, కోయరు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మాత్రం 50 శాతం కోస్తారు. 1500 సీసీ వరకు కారుకు 1000 రూపాయలు, ఆపైన 2000 రూపాయలు మనమే భరించాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతానికి చేరినవారు, క్లెయిమ్ వేసినా ఆ బోనస్ పోకుండా కాపాడే రక్షణ పాలసీలో లేకపోతే, బోనస్ పోయే మొత్తాన్ని అద్దం ఖర్చుతో పోల్చుకున్నాకే క్లెయిమ్ వేయాలి.

అద్దం బిగించే రోజున గమ్ ట్యూబు మీది గడువు తేదీని, ఎంతసేపటికి కారు కదపవచ్చో రాసి ఉన్న సమయాన్ని మీరే చదవండి. మొదటి రోజు తలుపులు విసురుగా వేయకుండా, ఒక కిటికీ వేలెడంత దింపి ఉంచాలి. ప్రెషర్ వాష్ జోలికి వెళ్లకూడదు. బిల్లులో అద్దం తయారీదారు పేరు, గమ్ రకం, లీకు వస్తే ఎన్నాళ్ల వరకు సరిచేస్తారో రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.