ప్రేమకథా మ్యూజికల్ వేస్తున్నారా? మాట పాటగా మారే చోటే ఎక్కువ కష్టపడండి

పాత ప్రేమకథా మ్యూజికల్స్, అంటే మాటలతో పాటు పాటలతో నడిచే నాటకాలు, ఔత్సాహిక బృందాలకు బాగా కుదురుతాయి. పాటలు జనానికి ముందే తెలుసు, కోరస్‌లో ఇరవై మందికి చోటుంటుంది. ప్రదర్శన దెబ్బతినేది పాటల్లో చాలా అరుదు. మాట ఆగి పాట అందుకునే చోట, ఒక రంగం అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట దెబ్బతింటుంది. ఈ అతుకులకు రిహార్సల్ సమయంలో సగం ఇచ్చినా ఎక్కువేం కాదు.

అన్నిటికంటే ముందు నాటకం ఆడే హక్కులు. లైసెన్స్ చేతికి రాకుండా నటీనటుల ఎంపిక ప్రకటించకండి. స్క్రిప్టు, పియానో స్కోరు (పాటల స్వరాలు రాసిన పుస్తకం), వాద్యాల నోట్స్ చాలాసార్లు అద్దెకే వస్తాయి కాబట్టి వాటి మీద పెన్సిల్‌తోనే రాయండి. డైలాగ్ మార్చాలన్నా, పాట ఎత్తేయాలన్నా, శ్రుతి దించాలన్నా, వీడియో తీయాలన్నా దేనికదే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. నాయిక పాట రెండు స్వరాలు దించాలని ఆఖరి వారంలో తెలిసిందంటే, అనుమతి వచ్చినా ప్రతి వాద్యకారుడి పేజీ మళ్లీ రాయించాలి. అందుకే గొంతు సంగతి ఎంపిక రోజే తేలిపోవాలి.

ఎంపికలో ఒక్కొక్కరి చేత 32 బార్లు (బార్ అంటే కొన్ని తాళం దెబ్బల చిన్న ముక్క) పాడించండి. తర్వాత ఆ పాత్ర పాడాల్సిన అన్నిటికంటే పై స్వరం, అన్నిటికంటే కింది స్వరం పియానో మీద వినిపించి అందుకోమనండి. పై స్వరం ఒక్కసారి తగిలితే సరిపోదు. పాట ఎక్కువసేపు తిరిగే స్థాయిలో గొంతు బిగుసుకోకుండా ఉందో లేదో చూడాలి. చివరి వడపోతలో ముగ్గురు నాయకులు, ముగ్గురు నాయికలు మిగిలితే తొమ్మిది జంటల్నీ కలిపి చదివించండి, పాడించండి. విడిగా గొప్పగా పాడిన ఇద్దరు పక్కపక్కన నిలబడగానే ఒకరి గొంతులో ఒకరు మునిగిపోవచ్చు. జంట కుదరకపోతే ఈ రకం నాటకాన్ని ఇంకేదీ కాపాడలేదు.

పన్నెండు వారాలు పెట్టుకోండి. వారానికి నాలుగు రిహార్సల్స్, ఒక్కోటి రెండున్నర గంటలు. మొదటి మూడు వారాలు సంగీతమే. ఆ తర్వాత అయిదు వారాలు కదలికలు, నృత్యాలు. తొమ్మిదో వారం నుంచి చేతిలో పుస్తకం ఉండకూడదు. నాయికకు పొడవాటి గౌను ఉంటే అయిదో వారం నుంచే అంత పొడవు, అంత ఘేరు ఉన్న స్కర్టుతో, వేదిక మీద వేసుకునే చెప్పులతోనే సాధన చేయించండి. వాల్ట్జ్ (జంటగా గుండ్రంగా తిరిగే నృత్యం) చేసేటప్పుడు అంచు తొక్కుకోవడం అలవాటు లేకపోవడం వల్లే జరుగుతుంది.

మాట నుంచి పాటలోకి

చాలా స్కోర్లలో డైలాగ్ కింద ఒకటి రెండు బార్ల సంగీతం తిరుగుతూ ఉంటుంది. దాన్ని వ్యాంప్ అంటారు. నటుడి మాట పూర్తవగానే ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ అక్కణ్నుంచి బయటికొచ్చి పాట ఎత్తుకుంటాడు. రాసిన ప్రకారం రెండుసార్లు తిరగాల్సిన వ్యాంప్ ఏడుసార్లు తిరిగితే ప్రేక్షకుడికి నాటకం ఆగిపోయినట్టే ఉంటుంది. నటుడు ప్రేమ సన్నివేశం కదా అని మాటను సాగదీస్తాడు, కండక్టర్‌కు ఏ మాట దగ్గర కదలాలో తెలియదు. రెండూ సరిచేయొచ్చు. నటుడి పుస్తకంలోనూ స్కోరులోనూ ఒకే మాట కింద గీత గీయండి. ఆ మాట ముందు ఎన్ని బార్లు ఉన్నాయో లెక్కపెట్టి, డైలాగ్‌ను ఆ కొలతలో చెప్పించండి. ఈ రెండు మూడు వాక్యాల్నే పదిసార్లు వరసగా నడిపించి, అప్పుడు పాటలోకి వెళ్లండి.

రెండో చిక్కు ఎత్తుగడ స్వరం. గాయకుడు దాన్ని గుండెల్లోంచి తీయలేడు, అంతకుముందు వాయించే వరసలో ఏ వాద్యం ఆ స్వరాన్ని పలుకుతుందో చూపించాలి. ఫ్లూట్ పలుకుతుంటే ఫ్లూట్‌నే వినమనండి. ఊపిరి ఆ స్వరం విన్నాక కాదు, దానితో పాటే తీసుకోవాలి. డైలాగ్ ఆఖరి మాట, పాట మొదటి మాట ఒకే గొంతు పరిమాణంలో ఉండాలి. మెల్లగా మాట్లాడి హఠాత్తుగా నిండు గొంతుతో ఎత్తుకుంటే ప్రేమికుడు పోయి కచేరీ గాయకుడు కనిపిస్తాడు.

ఇక్కడ నటన కూడా మారాలి. ఈ నాటకాల్లో మొదటి యుగళగీతం చాలాసార్లు ప్రేమ ఒప్పుకోలు కాదు. అమెరికన్ సంగీతకర్త రోజర్స్, రచయిత హామర్‌స్టైన్‌ల ఓక్లహామా (1943)లో ఇద్దరూ ‘జనం మనల్ని ప్రేమికులనుకుంటారు, అలా చేయకు’ అని ఒకరికొకరు జాగ్రత్తలు చెప్పుకుంటారు. కారుసెల్ (1945)లో ‘నేను గనక ప్రేమిస్తే’ అంటూ తప్పించుకుంటారు. అలాంటి పాటను చేతులు పట్టుకుని, కళ్లలోకి చూసుకుంటూ పాడిస్తే కథకు ఇంక పనుండదు. దూరం పెట్టండి, చేతికి ఏదో ఒక పని ఇవ్వండి.

ఎదురెదురుగా నిలబడి పాడితే గొంతు వింగుల్లోకి, అంటే వేదిక పక్కల్లోకి పోతుంది. పాడేవారిని ఒక అడుగు వెనక్కి, వినేవారిని ముందుకు నిలబెట్టండి. అప్పుడు పాడేవారి మొహం తనంతట తానే ప్రేక్షకుల వైపు తిరుగుతుంది. చరణం మారినప్పుడు చోట్లు మార్చుకోవడానికి మధ్య సంగీతం వాడుకోండి. నిమిషానికి 120 దెబ్బల లయలో నాలుగు దెబ్బల బార్లు నాలుగుంటే ఎనిమిది సెకన్లు దొరుకుతాయి. తొందరపడకుండా ఆరు అడుగులు వేయొచ్చు. పై స్వరం పట్టుకున్నప్పుడు మాత్రం కదలనివ్వకండి.

ముద్దును నృత్యంలాగే లెక్కలతో కూర్చండి: ఎవరు ఎన్నో లెక్కకు దగ్గరవుతారు, చేయి ఎక్కడ, ఎన్ని లెక్కలు, ఎవరు ముందు విడిపోతారు. ఇద్దరి ఒప్పుదలతో, తక్కువ మంది ఉన్న గదిలో కుదిర్చి, స్టేజి మేనేజర్ రాసిపెట్టుకోవాలి. ప్రదర్శన రోజు ఉత్సాహంలో ఎవరూ దానికి చేర్పులు చేయకూడదు.

ఆర్కెస్ట్రా, మైకులు

చిన్న హాలుకు పియానో, బాస్, డ్రమ్స్, వయొలిన్, ఒక ఫ్లూట్ లేదా క్లారినెట్ సరిపోతాయి. డ్రమ్స్ కింద మందపాటి తివాచీ పరచండి, ప్రేమ పాటల్లో కర్రలకు బదులు బ్రష్‌లు వాడమనండి. ఆర్కెస్ట్రా తెర వెనకుంటే కండక్టర్‌ను చూపే కెమెరాకు తీగ కనెక్షనే పెట్టండి. వై-ఫై కెమెరాలో బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది, కోరస్ మొత్తం ఆ మేరకు వెనకబడుతుంది. రికార్డు ట్రాక్‌లను నేనైతే వద్దంటాను. నటుడు మాట మరిచి తడబడితే ట్రాక్ ఆగదు.

తలకు పెట్టే మైకును నుదుటి దగ్గర జుట్టు అంచున గానీ చెవి మీదుగా గానీ అతికించండి, చెమట చుక్క దాని మీద నిలిచిందా గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. ప్రతి ప్రదర్శనకూ కొత్త బ్యాటరీ వేయండి. ఇద్దరూ కౌగిలించుకున్నప్పుడు ఒకరి గొంతు రెండు మైకుల్లోకీ కాస్త తేడా సమయంలో చేరి, బోలుగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఆ క్షణానికి ఒకరి మైకు తగ్గించాలి. ఎవరిది తగ్గించాలో సౌండ్ మనిషి దగ్గర రంగాలవారీ పట్టికలో ముందే ఉండాలి.

రంగాలు మార్చే పనివాళ్లకు వాళ్లదే ఒక రిహార్సల్, స్టాప్‌వాచ్‌తో. ముప్ఫై సెకన్లు దాటే మార్పు ఉంటే సెట్ తగ్గించండి, లేదా ముందు తెర దగ్గర చిన్న రంగం నడిపించండి. వేగంగా మార్చాల్సిన దుస్తులకు హుక్కులు తీసేసి జిప్పు గానీ వెల్క్రో గానీ కుట్టించండి.

ఆఖరి రెండు వారాల్లో వరస మార్చకండి. మొదట ఆర్కెస్ట్రాతో కూర్చుని పాడటం, తర్వాత డైలాగులు దాటేస్తూ లైటు, సౌండ్ క్యూలు (అవి మారాల్సిన చోట్లు) మాత్రమే, ఆపైన పూర్తి వేషాలతో కనీసం రెండు రిహార్సల్స్.

ప్రదర్శనలు మొదలయ్యాక స్టేజి మేనేజర్ ప్రతి అంకం ఎన్ని నిమిషాలు పట్టిందో రాయాలి. మూడో రోజుకు మొదటి అంకం మూడు నిమిషాలు పెరిగిందంటే, అది ఎక్కువగా డైలాగుల మధ్య, పాట ముందు చేరిన మౌనాల వల్లే. మర్నాడు తెర లేవడానికి గంట ముందు జంటను పియానో దగ్గరికి పిలిచి, ఒక్కో వ్యాంప్‌ను ఒకసారి అసలు వేగంలో నడిపించండి.